తేలిగ్గానూ ఉండాలి, గోలా చేయకూడదు: స్నోమొబైల్ సైలెన్సర్ మీద పాఠకుల ప్రశ్నలు

మంచు పడటం మొదలవగానే మిన్నెసోటా, మిషిగన్, ఒంటారియోల నుంచి మాకొచ్చే ఉత్తరాల్లో స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి, స్లెడ్ అని కూడా అంటారు) సంగతులు పెరుగుతాయి. ఈసారి వాటిలో ఎక్కువ భాగం సైలెన్సర్ గురించే. కంపెనీ ఇచ్చింది బరువు, బయట కొన్నది గోల, మధ్యరకం ఏదైనా దొరుకుతుందా అని అందరి బాధ. ఒకదానితో ఒకటి ముడిపడ్డ ప్రశ్నలు గనుక కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: నాది 850 సీసీ టూ స్ట్రోక్ స్లెడ్. కంపెనీ సైలెన్సర్ విప్పి తూస్తే 14 పౌండ్లు ఉంది. ఆన్‌లైన్‌లో బయటి కంపెనీది 5 పౌండ్ల స్టీల్ క్యాన్ (సైలెన్సర్ డబ్బా) ఒకటి చూశాను. "కంపెనీదానంత నిశ్శబ్దం" అని రాశారు. ట్రయల్ (మంచు చదును చేసిన దారి) మీదే ఎక్కువ తిరుగుతాను. నమ్మి కొనొచ్చా?
— ఒక పాఠకుడు, డులూత్, మిన్నెసోటా

జవాబు: నమ్మకండి. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ముందు ఏ భాగం సంగతి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. మీ స్లెడ్‌లో రెండు సిలిండర్ల పొగ వై ఆకారపు పైపులో కలిసి, పొట్ట ఉబ్బిన ట్యూన్డ్ పైపులోకి వెళ్లి, దాని సన్నటి తోక గుండా సైలెన్సర్‌లోకి వస్తుంది. పవర్ వ్యవహారమంతా ట్యూన్డ్ పైపుది. కాలకుండా బయటికి పోబోయే పెట్రోలు మిశ్రమాన్ని ఒత్తిడి అలతో మళ్లీ సిలిండర్లోకి నెట్టేది అదే. శబ్దం సైలెన్సర్ బాధ్యత. ఊళ్లో యమహా ఆర్‌ఎక్స్ 100 నడిపినవాళ్లకు ఈ రెండూ ఒకే గొట్టంలో ఉండటం అలవాటు. ముందున్న లావు భాగం ట్యూన్డ్ పైపు పని చేస్తుంది, వెనక స్క్రూ తీసి లాగితే వచ్చే బఫుల్ సైలెన్సర్ పని చేస్తుంది. స్లెడ్‌లో ఇవి రెండు విడి భాగాలు. మీరు మార్చబోయేది రెండోది మాత్రమే.

ఇక శబ్దం. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజిన్ 8,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 267 సార్లు మండుతుంది. అంటే చెవికి తగిలే ప్రధాన స్వరం 267 హెర్ట్జ్. పొగ వేడి 400 డిగ్రీల సెల్సియస్ అనుకుంటే అందులో శబ్దం సెకనుకు సుమారు 520 మీటర్లు పోతుంది. అల పొడవు దాదాపు 1.95 మీటర్లు. ఒక ఖాళీ గది ఈ స్వరాన్ని గట్టిగా ఆపాలంటే దాని పొడవు అలలో నాలుగో వంతు, అంటే 49 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. 4,000 ఆర్‌పీఎం దగ్గర స్వరం సగానికి దిగుతుంది, కావలసిన పొడవు రెట్టింపవుతుంది. హుడ్ కింద అంత చోటు ఎక్కడిది? అందుకే కంపెనీవాళ్లు డబ్బా లోపల రెండు మూడు గదులు కట్టి, చిల్లుల గొట్టాలతో పొగను అటూ ఇటూ తిప్పి బయటికి పంపుతారు. మీరు తూచిన 14 పౌండ్లలో చాలా భాగం ఆ అడ్డుగోడలూ, గొట్టాలూ, పైన తొడిగిన హీట్ షీల్డూ.

ఈ బరువు తగ్గించడానికి దారులు మూడే. ఒకటి, రేకు మార్చడం. 1.2 మిల్లీమీటర్ల స్టీల్ రేకు చదరపు మీటరుకు 9.4 కిలోలు తూగుతుంది. 1 మిల్లీమీటరు టైటానియం 4.5 కిలోలు. అదే డిజైన్‌ను టైటానియంలో కడితే బరువు సగం అవుతుంది: 14 పౌండ్లది 7కు రావచ్చు. శబ్దం పెద్దగా మారదు, జేబు మాత్రం బాగా ఖాళీ అవుతుంది. రెండు, డబ్బానే చిన్నది చేయడం. మూడు, గదులన్నీ తీసేసి ఒక తిన్నని చిల్లుల గొట్టం పెట్టి, దాని చుట్టూ గ్లాస్ ఫైబర్ దూది చుట్టడం. దూది కీచు శబ్దాలను బాగా మింగుతుంది, బొంగురు శబ్దాల మీద మాత్రం దాని ప్రతాపం అంతంతే. పక్క ఇంటి కిటికీలు అదిరేది ఈ బొంగురుకే.

టైటానియంతోనే 7 దగ్గర ఆగాల్సిన బరువు స్టీల్‌లో 5కి దిగిందంటే లోపల గదులు పోయినట్టే. హీట్ షీల్డు కూడా పోయి ఉంటుంది. దాని సంగతి కింద ఒంటారియో ఉత్తరంలో చూడండి. రేకు మరీ పలచనైతే ఇంకో తంటా ఉంది: డబ్బా ఒళ్లే మోగుతుంది. తోక చివర శబ్దం తగ్గినా పక్కనుంచి ఖణఖణమని రేకు చప్పుడు వస్తుంది. జోడు గోడల షెల్ ఉన్న క్యాన్‌లలో ఈ బెడద తక్కువ.

కొనేముందు టేపు తీసుకుని కంపెనీ డబ్బా పొడవు, వెడల్పు, లోతు కొలవండి. అమ్మేవాణ్ని మూడు సంగతులు అడగండి: బయటి కొలతలు, లోపల గదులా తిన్నని గొట్టమా, శబ్దం ఏ పరీక్ష ప్రకారం ఎన్ని డెసిబెల్స్. డబ్బా మీ పాతదానికంటే బాగా చిన్నదైతే మిగతా రెండూ అడగక్కర్లేదు. "డీప్ టోన్", "మెలో సౌండ్" అని చెబుతూ అంకె చెప్పకపోతే అంకె బాగోలేదనే అనుకోండి. ఒంటారియోలోని హంట్స్‌విల్‌కు చెందిన ఎంబీఆర్‌పీ లాంటివాళ్లు ట్రయల్ రకం, రేస్ రకం అని వేరువేరుగా అమ్ముతారు. మీకు పనికొచ్చేది ట్రయల్ రకమే. 7 నుంచి 9 పౌండ్ల మధ్య, పాతదానికి దగ్గరి సైజులో దొరికితే ఆలోచించవచ్చు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పెట్రోలు గ్యాలన్‌కు సుమారు 6 పౌండ్లు తూగుతుంది. అలాంటి 8 పౌండ్ల క్యాన్‌తో ట్రయల్ మీద మీరు ఆదా చేయబోయే 6 పౌండ్లు ట్యాంకులో ఒక గ్యాలన్ తక్కువ పోసుకున్నంత. పడమటి కొండల్లో, మెడలోతు మంచులో ముక్కు పైకెత్తి నడిపేవాళ్లకు ముందు భాగంలో తగ్గిన ప్రతి పౌండూ తెలుస్తుంది. డులూత్ చుట్టుపక్కల చదును చేసిన ట్రయళ్ల మీద తెలియదు. మీ డబ్బా తుప్పు పట్టి చిల్లు పడి ఉంటే తప్ప దాన్నే ఉంచుకోమని మా సలహా.

ప్రశ్న: మిషిగన్‌లో చట్టం ఎంత శబ్దం దాకా ఒప్పుకుంటుంది? ఒకచోట 78 అంటారు, ఇంకోచోట 88 అంటారు. ఇంట్లో మనమే కొలుచుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, ట్రావర్స్ సిటీ, మిషిగన్

జవాబు: రెండూ నిజమే, పరీక్షలు వేరు. 78 డెసిబెల్స్ అన్నది కొత్త బండి ఫ్యాక్టరీ నుంచి బయటికి రావాలంటే ఉన్న పరిమితి. బండి పూర్తి థ్రాటిల్‌తో పోతుండగా 50 అడుగుల దూరంలో కొలుస్తారు. దానికి తోడు, గంటకు 15 మైళ్ల నిలకడ వేగంలో అదే దూరంలో 73 దాటకూడదు. 88 అన్నది ట్రయల్ మీద అధికారులు ఆపి చేసే పరీక్ష. దాని పేరు ఎస్‌ఏఈ జే2567. బండి నిలబడి ఉండగా, 4,000 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్‌ను నిలకడగా ఉంచి, 13.1 అడుగుల నుంచి, అంటే 4 మీటర్ల నుంచి కొలుస్తారు. మిషిగన్, విస్కాన్సిన్ రెండూ దీన్నే వాడుతున్నాయి.

ఈ అంకెల్ని ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మార్చబోకండి. దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతాయి గనుక 4 మీటర్ల దగ్గర 88 అంటే 50 అడుగుల దగ్గర సుమారు 76 కదా, ఇంకేం, 78 లోపే అని కొందరు అమ్మకందార్లు లెక్క చెబుతారు. అది 4,000 ఆర్‌పీఎం లెక్క. పూర్తి థ్రాటిల్‌లో ఇంజిన్ అంతకు రెట్టింపు తిరుగుతుంది, పొగ ఎన్నో రెట్లు వస్తుంది. నిలబెట్టి కొలిస్తే 87తో గట్టెక్కిన క్యాన్ పరుగులో 78 దాటడం మామూలే.

ఇంట్లో కొలుచుకోవచ్చు. బండి వెనక భాగాన్ని స్టాండు మీదికి ఎత్తి, ట్రాక్ (కింద తిరిగే రబ్బరు పట్టా) నేలకు తగలకుండా చూడండి. 4,000 దగ్గర చాలా బండ్లలో క్లచ్ పట్టేసి ట్రాక్ తిరుగుతుంది. వెనకవైపు ఎవరూ ఉండకూడదు. స్టడ్‌లు బిగించిన ట్రాక్ అయితే ఊడిన మేకు బుల్లెట్‌లా వస్తుంది. చుట్టూ గోడ, కారు, ట్రైలర్ లేని ఖాళీ చోటు కావాలి. సైలెన్సర్ తెరుచుకునే వైపు, బండి నుంచి 4 మీటర్లు కొలిచి, మీటర్‌ను 1.2 మీటర్ల ఎత్తులో ట్రైపాడ్‌కు బిగించండి. స్కేలు "ఏ"లో, స్పందన "స్లో"లో పెట్టండి. ఇంజిన్ ఆపి చుట్టుపక్కల శబ్దం చూడండి: అది మీరు కొలవబోయేదానికంటే కనీసం 10 డెసిబెల్స్ తక్కువ లేకపోతే, లేదా గాలి గట్టిగా వీస్తుంటే, ఆ రోజు మానేయండి. ఇంజిన్ వేడెక్కాక 4,000 దగ్గర నాలుగైదు సెకన్లు పట్టి అంకె చదవండి. అంతకంటే ఎక్కువసేపు వద్దు. మంచు తడి లేకుండా ట్రాక్ తిరిగితే కింద ఉండే ప్లాస్టిక్ స్లైడ్లు వేడెక్కి అరుగుతాయి.

ఫోన్ యాప్ చెప్పే అంకెను చట్టంతో పోల్చకండి, ఫోన్ మైకులు ఒక్కోటి ఒక్కోలా చెబుతాయి. అదే ఫోన్‌తో, అదే చోట, అదే రోజు పాత సైలెన్సర్‌నూ కొత్తదాన్నీ కొలిస్తే తేడా మాత్రం బాగానే తెలుస్తుంది. అదే రోజు అనడానికి కారణం ఉంది: కొత్తగా పడిన మెత్తటి మంచు శబ్దాన్ని మింగేస్తుంది, గడ్డకట్టిన నేల తిప్పి కొడుతుంది. తేడా 10 డెసిబెల్స్ వచ్చిందంటే వినేవాళ్ల చెవికి గోల రెట్టింపైనట్టు లెక్క. ఆ క్యాన్‌ను వెనక్కి పంపించేయండి. ఇక్కడి ట్రయళ్లు చాలాచోట్ల రైతుల, ఇళ్లవాళ్ల సొంత భూముల మీదుగా, వాళ్ల దయ మీద నడుస్తున్నవి. ఒక్క గోల బండి చాలు, వచ్చే ఏడు ఆ గేటు మూసుకుపోవడానికి.

ప్రశ్న: మా బావమరిది, నేను కలిసి కొత్త క్యాన్ బిగించాం. అరగంట నడిపాక ప్లాస్టిక్ కాలుతున్న వాసన. చూస్తే కుడి పక్క ప్యానెల్ లోపల మెత్తబడి ఉబ్బింది. బండి కూడా వేడెక్కాక లాగడం లేదు, దగ్గుతున్నట్టు ఆగుతోంది. సైలెన్సర్ సరిపడలేదా?
— ఒక పాఠకుడు, సడ్‌బరీ, ఒంటారియో

జవాబు: సైలెన్సర్ సరిపడి ఉండొచ్చు, బిగింపు కుదరలేదు. మీరు చెప్పిన రెండు లక్షణాలకూ కారణం ఒకటే: పొగ బయటికి పోకుండా కొంత హుడ్ కిందే తిరుగుతోంది. ఆ వేడికి ప్యానెల్ మెత్తబడింది. అదే పొగను ఎయిర్ బాక్స్ (ఇంజిన్‌కు గాలి పీల్చే పెట్టె) పీల్చుకుంటే సిలిండర్లోకి ఆక్సిజన్ తక్కువ గాలి వెళ్తుంది, బండి దగ్గుతుంది. బండిని గ్యారేజ్‌లో స్టార్ట్ చేసి పరీక్షించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

చల్లారాక ప్యానెల్ తీసి మూడు చోట్లు చూడండి.

మొదటిది ట్యూన్డ్ పైపు తోక సైలెన్సర్‌లోకి దూరే కీలు. అక్కడ డోనట్ అనే గుండ్రటి గ్యాస్కెట్ ఉంటుంది. చుట్టూ నల్లటి జిడ్డు మరక కనిపిస్తే అక్కణ్నుంచి కారుతోందన్నమాట. పాత డోనట్‌ను కొత్త క్యాన్‌కు వాడటం చాలామంది చేసే పని. అది పాత కీలు ఆకారానికి అరిగి ఉంటుంది, కొత్తదాంట్లో అతకదు. కొత్తది వేయండి. దాని మీద వేడికి తట్టుకునే రాగి రంగు సిలికాన్ పలచగా పూసి, 24 గంటలు ఆరనిచ్చాకే ఇంజిన్ తిప్పండి. చీలిన డోనట్‌కు సిలికాన్ మందంగా పూసి నెట్టుకురావడం రెండు రైడ్ల ముచ్చట.

రెండోది స్ప్రింగులు. ఇవి లేకపోతే కీలు బిగుతుగా నిలవదు. శ్రావణంతో లాగితే కొక్కెం వంగిపోతుంది, స్ప్రింగ్ పుల్లర్ అనే కొక్కెం పరికరం చవకే, కొనుక్కోండి. కొత్త క్యాన్‌తో వచ్చిన స్ప్రింగ్ తగిలించాక చుట్ల మధ్య సందులు కనబడాలి. చుట్లు ఒకదానికొకటి అంటుకునే ఉంటే స్ప్రింగ్ లాగడం లేదు, పొట్టిది కావాలి. స్ప్రింగులు విరిగేది బరువుకు కాదు, అదురుకు. చుట్ల పొడవునా సిలికాన్ ఒక గీతలా నింపితే అదురు తగ్గి చాలాకాలం వస్తాయి. తగిలించాక రెండు కొక్కేలనూ కలుపుతూ సన్నటి స్టీల్ తీగ చుట్టండి. స్ప్రింగ్ విరిగినా ముక్క ఎగిరి క్లచ్ వైపు పోదు.

మూడోది, మీ విషయంలో అసలు దోషి ఇదే అని మా అనుమానం: సైలెన్సర్ తోక బెల్లీ ప్యాన్‌లోని (ఇంజిన్ కింద ఉండే అడుగు తొట్టి) కన్నంలోంచి బయటికి వచ్చేచోటు. కంపెనీ డబ్బా తోక ఆ కన్నం దాటి కిందికి వస్తుంది, చుట్టూ సీలు కూడా ఉంటుంది. కొన్ని బయటి క్యాన్‌ల తోక కన్నం అంచు దగ్గరే ఆగిపోతుంది. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగినప్పుడు తోక పక్కకు జరిగి పొగ లోపలికే కొడుతుంది. కింద నుంచి టార్చి వేసి చూడండి. తోక కన్నం మధ్యలో ఉండాలి, అంచు దాటి కనీసం అర అంగుళం బయటికి రావాలి. రాకపోతే బిగింపులన్నీ వదులు చేసి, ముందు కీలు, తర్వాత తోక, ఆఖర్న బ్రాకెట్ బోల్టులు అన్న వరుసలో మళ్లీ బిగించండి. బ్రాకెట్ ముందే బిగిస్తే తోక ఎప్పటికీ కుదరదు. అప్పటికీ రాకపోతే అమ్మినవాణ్ని తోక పొడిగింపు అడగండి.

హీట్ షీల్డు సంగతికి వద్దాం. 14 పౌండ్ల డబ్బా తీసి 6 పౌండ్లది పెట్టినప్పుడు పోయిన 8 పౌండ్లలో షీల్డు కూడా ఉంటుంది. షీల్డు లేని క్యాన్ చుట్టూ ప్లాస్టిక్‌కు కనీసం 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచి, ప్యానెల్ లోపలివైపు అల్యూమినియం పూత ఉన్న జిగురు హీట్ షీటు అంటించండి. ముందు ఆల్కహాల్‌తో తుడిచి, గది వేడిలో అంటించాలి. సడ్‌బరీ చలిలో షెడ్డులో అంటిస్తే తెల్లారేసరికి ఊడి కింద ఉంటుంది. సిరామిక్ పూత ఉన్న క్యాన్ అయితే వేడి కొంత తక్కువ కొడుతుంది.

టూల్ బ్యాగులో రెండు స్ప్రింగులు, ఒక డోనట్, మూరెడు తీగ ఎప్పుడూ ఉంచుకోండి.

ప్రశ్న: క్యాన్ మారిస్తే ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుంది? ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ట్యూనింగ్ కావాలా? వారంటీ పోతుందా?
— ఒక పాఠకుడు, గ్రీన్ బే, విస్కాన్సిన్

జవాబు: ట్యూన్డ్ పైపు ముట్టుకోకుండా క్యాన్ ఒక్కటే మారిస్తే టూ స్ట్రోక్‌లో ఒకటి రెండు హార్స్‌పవర్ వస్తే గొప్ప. 165 హార్స్‌పవర్ బండి మీద అది కూర్చున్నవాడికి తెలిసేది కాదు. గోల పెరిగితే వేగం పెరిగినట్టు అనిపిస్తుంది, అదొక భ్రమ.

ఇంజెక్షన్ ఉన్న కొత్త బండ్లకు ట్రయల్ రకం క్యాన్‌తో సాధారణంగా ట్యూనింగ్ అక్కర్లేదు. అయితే మీ పాత డబ్బాకో పైపుకో ఉష్ణోగ్రత సెన్సర్ బిగించి ఉంటే, కొత్తదాంట్లో దాన్ని బిగించే మర కన్నం ఉందో లేదో కొనక ముందే చూడండి. సెన్సర్‌ను వేలాడదీసి నడిపితే ఇంజిన్ కంప్యూటర్ అయోమయంలో పడుతుంది.

కార్బురేటర్ బండైతే జాగ్రత్త. పొగ సులువుగా పోయేకొద్దీ మిశ్రమం పలచబడుతుంది, పలచబడితే పిస్టన్ పట్టేస్తుంది. మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది, ఉదాహరణకు 160 ఉంటే 170, వేసి మొదలుపెట్టి, ప్లగ్గు రంగు చూస్తూ దిగండి. ప్లగ్గు తెల్లగా పాలిపోతే ఇంకా పలచన. లేత గోధుమరంగు వచ్చేదాకా పెద్ద జెట్టే ఉంచండి. చలి పెరిగిన రోజు మళ్లీ చూసుకోవాలి, చల్లటి గాలి చిక్కనిది.

క్యాన్ మార్చాక పూర్తి థ్రాటిల్‌లో ఆర్‌పీఎం మాన్యువల్లో రాసిన అంకె దాటి 100, 200 ఎక్కువ చూపిస్తే అది లాభం కాదు. క్లచ్ సరిచేసుకోవాలి. స్కీ డూ కంపెనీ బండ్ల టీఆర్‌ఏ క్లచ్‌లో ఒక క్లిక్ మారిస్తే దాదాపు 200 ఆర్‌పీఎం తేడా వస్తుంది. బరువులు మార్చే రకం క్లచ్‌లో కొంచెం బరువైన వెయిట్లు వేస్తే దిగుతుంది.

వారంటీ సంగతి: అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం బయటి భాగం బిగించారన్న ఒక్క సాకుతో వారంటీ కొట్టేయకూడదు, పాడవడానికి ఆ భాగమే కారణమని చూపించాలి. డీలర్‌తో వాదించే ఓపిక మాత్రం మీకుండాలి. పాత డబ్బాను పారేయకుండా అటక మీద పెట్టండి, బండి అమ్మేటప్పుడు కూడా అడుగుతారు.

ప్రశ్న: మూడేళ్ల కిందట కొన్న క్యాన్ మొదట్లో బాగానే ఉండేది. ఇప్పుడు చెవులు హోరెత్తిపోతున్నాయి. తూస్తే బరువు కూడా అర పౌండు పెరిగింది. ఇదేం చోద్యం?
— ఒక పాఠకుడు, బెమిడ్జి, మిన్నెసోటా

జవాబు: చోద్యమేం లేదు, లోపలి దూది నూనె తాగింది. టూ స్ట్రోక్‌లో కాలకుండా వచ్చే నూనె గ్లాస్ ఫైబర్‌లోకి ఇంకి పోగుల మధ్య ఖాళీని నింపేస్తుంది. శబ్దాన్ని మింగేది ఆ ఖాళీయే. కొంత దూది చిల్లుల్లోంచి బయటికి కొట్టుకుపోయి కూడా ఉంటుంది. కొత్త క్యాన్ కొనక్కర్లేదు, రివెట్లతో బిగించిన రకమైతే దూది మార్చుకోవచ్చు. చుట్టూ వెల్డింగ్ చేసిందైతే వీలుకాదు.

మూత చుట్టూ ఉన్న రివెట్ల తలలను 3/16 అంగుళాల బిట్‌తో డ్రిల్ చేయండి. మూత ఏ దిశలో ఉందో మార్కర్‌తో గీత గీసుకున్నాకే విప్పండి, లేకపోతే తోక ఇంకోవైపు తిరిగి కూర్చుంటుంది. చేతులకు గ్లవ్స్, మూతికి ఎన్95 మాస్కు తప్పనిసరి. లోపలి చిల్లుల గొట్టం జిడ్డు, మసితో పూడి ఉంటుంది. ఆరుబయట గ్యాస్ టార్చ్ మంటలో కాల్చి వైరు బ్రష్‌తో రుద్దితే చిల్లులు తెరుచుకుంటాయి. పెయింటో సిరామిక్ పూతో ఉన్న పై షెల్‌ను మంటకు దూరంగా పెట్టండి.

దూది ఎంత? లీటరు ఖాళీకి 100 నుంచి 120 గ్రాములు. ఒక లెక్క: షెల్ లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లు, గొట్టం బయటి వ్యాసం 5, పొడవు 30 అయితే మధ్య ఖాళీ సుమారు 1.77 లీటర్లు, దూది 180 నుంచి 210 గ్రాములు. ఎక్కువ కూరితే ఎక్కువ నిశ్శబ్దం అనుకుని గట్టిగా దట్టించడం పొరపాటు. గాలి కదలని దూది గోడతో సమానం. మరీ వదులుగా ఉంటే ఒక సీజన్‌లో ఎగిరిపోతుంది. ముందు గొట్టం మీద స్టెయిన్‌లెస్ స్టీల్ ఊలు ఒక పొర చుట్టండి. వేడి నేరుగా దూదికి తగలకుండా, పోగులు చిల్లుల్లోంచి పోకుండా అది కాపు కాస్తుంది. దాని మీద గ్లాస్ ఫైబర్ చాప సమంగా చుట్టి, విడిపోకుండా కాగితపు మాస్కింగ్ టేపు రెండు చోట్ల వేయండి, అది తర్వాత లోపలే కాలిపోతుంది. షెల్‌లోకి తోసేటప్పుడు చుట్టిన దిశలోనే తిప్పుతూ తోయండి. మూత అంచుకు సిలికాన్ పూసి, స్టెయిన్‌లెస్ రివెట్లు కొట్టండి. మొదటి పది నిమిషాలు పొగ, కాలిన వాసన వస్తాయి, కంగారు పడకండి.

ఇళ్లకు వాడే పసుపు గ్లాస్ ఊలు దీనికి పనికిరాదు. దాంట్లోని జిగురు ఈ వేడికి కాలిపోయి పొడి పొడిగా రాలిపోతుంది.

ప్రశ్న: వచ్చే జనవరిలో కుటుంబంతో యెల్లోస్టోన్ వెళ్తున్నాం. మా సొంత స్లెడ్‌కు నిశ్శబ్దమైన క్యాన్ వేసి పట్టుకెళ్లొచ్చా?
— ఒక పాఠకురాలు, డెన్వర్, కొలరాడో

జవాబు: వద్దు. పార్కు లోపలికి వాళ్ల జాబితాలో ఉన్న మోడళ్లకే ప్రవేశం. గంటకు 35 మైళ్ల దగ్గర 67 డెసిబెల్స్ దాటకూడదు, పొగకూ పరిమితులున్నాయి. జాబితాలోని బండైనా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలి, మార్చిన సైలెన్సర్ నిశ్శబ్దంగా ఉన్నా కుదరదు. గైడ్‌తో పాటు అద్దె బండి తీసుకోవడం తేలిక.

ప్రశ్న: నాది 998 సీసీ మూడు సిలిండర్ల టర్బో ఫోర్ స్ట్రోక్. పై సలహాలు నాకూ వర్తిస్తాయా?
— ఒక పాఠకుడు, గ్రాండ్ రాపిడ్స్, మిషిగన్

జవాబు: బిగింపు సంగతులు వర్తిస్తాయి. కానీ టర్బో తర్వాత అడ్డు తగ్గితే బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) కూడా మారుతుంది, ఈసీయూ చూపించుకోకుండా మార్చకండి. మీ డబ్బా బరువు ఎక్కువే, తగ్గించడానికి అవకాశమూ ఎక్కువే. టర్బైన్ చక్రం కొంత శబ్దాన్ని ముందే చంపేస్తుంది గనుక మధ్య సైజు క్యాన్‌తో కూడా ఫలితం ఫర్వాలేదనిపిస్తుంది. గదులు లేని తిన్నని గొట్టం రకాలకు మాత్రం దూరంగా ఉండండి.

ప్రశ్న: కెనడాలో ఉన్న మా అన్నయ్య స్లెడ్‌కు ఇక్కడి ఆర్‌ఎక్స్ 100 సైలెన్సర్ పంపిస్తే పనికొస్తుందా? అదీ టూ స్ట్రోకే కదా.
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్ 98 సీసీ, 11 హార్స్‌పవర్. మీ అన్నయ్య బండి అంతకు ఎనిమిది రెట్ల ఇంజిన్ అయి ఉంటుంది. ఆ పొగ ఈ బఫుల్‌లోంచి పోవాలంటే ఊపిరాడక ట్యూన్డ్ పైపు వేడెక్కి పిస్టన్ కరుగుతుంది. కొరియర్ ఖర్చు మిగుల్చుకోండి.

ప్రశ్న: రోజంతా నడిపి వచ్చాక మా ఆవిడకు చెవుల్లో హోరు. హెల్మెట్ పెట్టుకుంటుంది. సైలెన్సర్ మారిస్తే పోతుందా?
— ఒక పాఠకుడు, యాపిల్టన్, విస్కాన్సిన్

జవాబు: సైలెన్సర్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. ట్రాక్, గాలి పీల్చే పెట్టె, హెల్మెట్ చుట్టూ గాలి, అన్నీ కలుస్తాయి. పని చోట్ల ఆరోగ్యం చూసే అమెరికా నియోష్ సంస్థ లెక్కలో 85 డెసిబెల్స్ ఎనిమిది గంటల హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర పావుగంటే. హెల్మెట్ చెవికి రక్షణ కాదు. ఫోమ్ ఇయర్ ప్లగ్గులు సన్నగా నలిపి, చెవి పైభాగం కాస్త వెనక్కి లాగి దూర్చి, ఉబ్బేదాకా వేలు పెట్టి పట్టుకోమనండి. హోరు రెండో రోజూ ఉంటే డాక్టర్‌కు చూపించండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ క్యాన్ సగం ధరకు వస్తోంది. ఏం చూసి తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, బ్రెయినర్డ్, మిన్నెసోటా

జవాబు: ఇంజిన్ ఒకటైతే సరిపోతుందనుకోకండి. ఛాసీ (బండి చట్రం) కూడా ఒకటే కావాలి. పొలారిస్ ఆక్సిస్ ఛాసీకి చేసింది మేట్రిక్స్‌కు, స్కీ డూ ఎక్స్‌ఎమ్‌కు చేసింది జెన్ 4కు కుదరకపోవచ్చు. బ్రాకెట్లు, తోక కన్నం చోటు మారతాయి. పార్ట్ నంబరు అడిగి తయారీదారు పట్టికలో సరిచూసుకోండి. లగేజీ తూచే కొక్కెం త్రాసు వెంట తీసుకెళ్లండి. కొత్తదాని బరువుకంటే అర పౌండు ఎక్కువుంటే దూది నూనె తాగింది, దాని ఖర్చు ధరలో తగ్గించమనండి. తక్కువుంటే దూది ఎగిరిపోయింది, దానికీ అదే మాట. చేత్తో పట్టుకుని ఊపండి, లోపల గలగలమంటే అడ్డుగోడ వెల్డింగ్ ఊడింది, వదిలేయండి. కీలు గుండ్రంగా ఉందో సొట్ట పడిందో వేలితో తడమండి, సొట్ట ఉంటే ఎన్ని డోనట్లు మార్చినా కారుతూనే ఉంటుంది. స్ప్రింగ్ కొక్కేలు వెల్డింగ్ చేసిన మొదళ్ల దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు టార్చి వేసి చూడండి. బ్రాకెట్లు, స్ప్రింగులు, తోక సీలు అన్నీ ఇస్తున్నాడో లేదో లెక్కపెట్టుకున్నాకే డబ్బివ్వండి. అవి విడిగా కొనబోతే సగం ధర కాస్తా ముప్పావు అవుతుంది.